న్యూయార్క్‌లో లాటిన్ విందు: ఒక వంటకు విలువ పెరిగిన క్రమం

న్యూయార్క్‌లో లాటిన్ అమెరికా వంట రెండు రకాల చోట్ల దొరుకుతుంది. ఒకటి వీధి పక్క కౌంటర్. గాజు కిటికీ వెనక, వేడి దీపాల కింద పంది మాంసం వేపుళ్లు, అరటి ముక్కలు గుట్టగా పోసి ఉంటాయి. చేతికి కాగితం పొట్లం ఇస్తారు. నిలబడి తినేసి వెళ్లిపోవచ్చు. రెండోది, ఎక్కువలో ఎక్కువ యాభై అరవై మంది పట్టే గది. అక్కడ చాలా రోజుల ముందే బల్ల బుక్ చేసుకోవాలి. పెద్ద పళ్లెంలో కొద్దిపాటి వంటకం వస్తుంది, దాని వెనక వంటవాడి పేరు, ఊరు, విత్తనం వివరం కూడా వస్తాయి. బిల్లు వందల డాలర్లలో ఉంటుంది. రెండు చోట్లా సరుకు దాదాపు ఒకటే: మొక్కజొన్న, మిరప, చిక్కుడు గింజలు, కూర అరటి, కర్రపెండలం, నిమ్మరసం. మొదటి రకం దుకాణాలు నగరంలో చాలా దశాబ్దాలుగా ఉన్నాయి. రెండో రకం నిలదొక్కుకుని ముప్పై ఏళ్లు దాటిందంతే. ఈ ఆలస్యానికి కారణం రుచిలో వెతికితే దొరకదు. వండేవాళ్లకు ఆ నగరం ఇచ్చిన స్థానంలో వెతకాలి.

లాటిన్ వంట అన్న మాట కింద చాలా దేశాలు ఒదిగిపోతాయి. మెక్సికో, పెరూ, కొలంబియా, ఈక్వడార్ లాంటి స్పానిష్ మాట్లాడే దేశాలు, క్యూబా, ప్యూర్టో రికో, డొమినికన్ రిపబ్లిక్ లాంటి కరీబియన్ సీమలు, పోర్చుగీసు మాట్లాడే బ్రెజిల్, అన్నీ అందులోవే. క్యూబా అమ్మమ్మ వంటకీ మెక్సికో అమ్మమ్మ వంటకీ పోలిక తక్కువ. ద్వీపాల్లో అన్నం, పప్పు గింజలు, వెల్లుల్లి ముఖ్యం, కారం దాదాపు ఉండదు. మెక్సికోలో మొక్కజొన్న రొట్టె, రకరకాల ఎండు మిరపలు ముఖ్యం. వీటన్నిటినీ ఒకే గాటన కట్టింది న్యూయార్క్ లాంటి వలస నగరాలే.

ఈ వంటలు వచ్చేనాటికి నగరంలో గొప్ప భోజనం అంటే ఫ్రెంచి భోజనమే. 19వ శతాబ్దిలో డెల్మానికోస్ రెస్టారెంటు ఆ మర్యాదను స్థిరపరిచింది. 1939లో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు ఫ్రాన్సు నుంచి వచ్చిన వంటబృందంలోని ఆంరీ సూలే 1941లో ల పవీయోఁ తెరిచాడు. ఆ తర్వాత చాలాకాలం ఖరీదైన రెస్టారెంటులో మెనూ ఫ్రెంచిలోనే ఉండేది. మిగతా దేశాల వంటలన్నీ వలస జనం తమ కోసం వండుకునే చవక భోజనం కింద లెక్క. ఇటలీ వంట కూడా అప్పట్లో ఆ వరసలోదే.

స్పానిష్ మాట్లాడేవాళ్లకు నగరంలో మొదట దొరికిన చోటుల్లో మన్‌హాటన్ 14వ వీధి ఒకటి. స్పెయిన్ నుంచి వచ్చినవాళ్లు అక్కడ సత్రాలు, సరుకుల దుకాణాలు పెట్టుకున్నారు. గ్రీనిచ్ విలేజ్‌లో 1927లో మొదలైన ఎల్ ఫారో అనే స్పానిష్ భోజనశాల 2012 దాకా నడిచింది. ఆ కాలపు వ్యాపారాల్లో అన్నిటికన్నా ఎక్కువ ఎదిగింది మాత్రం భోజనశాల కాదు, సరుకుల కంపెనీ. స్పెయిన్ నుంచి ప్యూర్టో రికో మీదుగా వచ్చిన ప్రుదెన్సియో ఉనానుయే, ఆయన భార్య కరోలినా 1936లో దిగువ మన్‌హాటన్‌లో గోయా పేరుతో ఆలివ్‌లు, ఆలివ్ నూనె, సార్డీన్ చేపలు అమ్మడం మొదలుపెట్టారు. తర్వాతి కాలంలో లాటిన్ వంటింటికి కావలసిన గింజలు, మసాలాలు, డబ్బా సరుకులు దేశమంతా అందించింది ఈ కంపెనీయే.

ఆ సరుకులు కొనేవాళ్లు ప్యూర్టో రికో నుంచి వచ్చారు. 1917లో అమెరికా చట్టసభ ఆ ద్వీపవాసులకు పౌరసత్వం ఇచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ద్వీపంలో చెరకు తోటల పని తగ్గిపోయింది, విమానం టికెట్ అందుబాటులోకి వచ్చింది. 1960 జనగణన నాటికి న్యూయార్క్‌లో ప్యూర్టో రికో మూలాలున్నవాళ్లు ఆరు లక్షలు దాటారు. ఈస్ట్ హార్లెమ్ వాళ్ల పేట అయింది. అక్కడ పార్క్ అవెన్యూ రైలు వంతెన కింద 1936లో మేయర్ లాగ్వార్డియా తోపుడు బళ్ల వాళ్ల కోసం కట్టించిన బజారును వాళ్లు లా మార్కెటా అని పిలుచుకున్నారు. కర్రపెండలం, చేమదుంప జాతి దుంపలు, పచ్చి అరటికాయలు, ఉప్పు చేప అక్కడ దొరికేవి. చుట్టుపక్కల కూచిఫ్రీతోస్ దుకాణాలు వెలిశాయి. పంది చెవులు, నాలుక, పేగులు, రక్తంతో చేసిన సాసేజి, తురిమిన దుంపల ముద్దలో మాంసం కూరి వేయించిన అల్కపూరియా, ఇవీ వాటి సరుకు. దొరలు వదిలేసిన భాగాలను రుచిగా మార్చుకున్న బీదవాళ్ల వంట అది.

పండగ రోజున ఆ ఇళ్లలో వండేది కందుల అన్నం. తెలుగు పాఠకులకు ఇది కొత్త సరుకేం కాదు. భారతదేశంలో పుట్టిన కంది ఆఫ్రికా మీదుగా, బానిసల ఓడల కాలంలో కరీబియన్ చేరింది. ప్యూర్టో రికోలో దాన్ని ఎండబెట్టి పప్పు చేయరు. పచ్చి గింజల్నే బియ్యంతో, పంది మాంసంతో, కొత్తిమీర, కాప్సికం, వెల్లుల్లి నూరిన ముద్దతో కలిపి ఒకే గిన్నెలో వండుతారు. అడుగున మాడిన పెచ్చు కోసం పిల్లలు పోటీ పడతారు. ఈస్ట్ హార్లెమ్‌లో ప్రతి ఇంటా తెలిసిన ఈ వంటకం మధ్య మన్‌హాటన్ భోజనశాలల్లో చాలాకాలం కనిపించలేదు.

అదే సమయంలో, అక్కడికి కొద్ది మైళ్ల దూరంలోనే, లాటిన్ అమెరికా పేరుతో ఒక వైభవమైన రెస్టారెంటు తెరిచారు. ఆరో అవెన్యూకు 1945లోనే అవెన్యూ ఆఫ్ ది అమెరికాస్ అని పేరు మార్చారు. ఆ వీధిలో కొత్తగా కట్టిన టైమ్ అండ్ లైఫ్ భవనంలో 1960లో లా ఫోండా దెల్ సోల్ మొదలైంది. దాని వెనకున్నది రెస్టారెంట్ అసోసియేట్స్ కంపెనీకి చెందిన జో బామ్. అంతకు ముందు ఏడాదే ఫోర్ సీజన్స్ రెస్టారెంటు తెరిచిన మనిషి ఆయన. ఒక్కో రెస్టారెంటును ఒక్కో నాటకంలా నడపాలన్నది ఆయన పద్ధతి. ఈ నాటకానికి రంగస్థలం కట్టే పని డిజైనర్ అలెగ్జాండర్ జిరార్డ్‌కు అప్పగించాడు.

జిరార్డ్ ఏ వస్తువునూ వదల్లేదు. మెనూ కార్డు, అగ్గిపెట్టె, పళ్లెం, వడ్డించేవాళ్ల దుస్తులు, గోడల మీది పలకలు అన్నీ ఆయన గీసినవే. సూర్యుడి బొమ్మ పదుల రూపాల్లో ఆ గదులంతా కనిపించేది. మెక్సికో, పెరూ, బొలీవియా సంతల నుంచి ఏరి తెచ్చిన మట్టిబొమ్మలు, కొయ్యబొమ్మలు గూళ్లలో వెలిగేవి. కుర్చీల వీపు బల్ల ఎత్తును మించితే గది సొగసు చెడుతుందని ఆయన భావించాడు. అందుకోసం చార్ల్స్, రే ఈమ్స్ దంపతులు వీపు పొట్టిగా ఉన్న కుర్చీని ప్రత్యేకంగా తయారు చేశారు. డిజైన్ చరిత్రలో అది ఇవాళ్టికీ లా ఫోండా కుర్చీ పేరుతోనే ఉంది. ఎదురుగా నిప్పుల మీద మాంసం కాలుతుంటే లోపల కూర పెట్టి చేసే ఎంపనాడాలు, పచ్చి చేపను నిమ్మరసంలో ఊరబెట్టిన సెవీచె, పెరూ పద్ధతిలో పుల్లకు గుచ్చి కాల్చిన మాంసం వడ్డించేవాళ్లు. చుట్టుపక్కల ఆఫీసుల పెద్ద ఉద్యోగులు మధ్యాహ్నం భోజనానికి వచ్చేవాళ్లు.

ఆ రెస్టారెంటు అందాన్ని తక్కువ చేయడానికి లేదు. లాటిన్ వంటను డబ్బు పెట్టి తినదగిన భోజనంగా చూపించిన తొలి పెద్ద ప్రయత్నం అదే. కానీ నగరంలో ఉన్న లక్షల మంది లాటిన్ జనంతో దానికి సంబంధం లేదు. సంతలో కొన్న బొమ్మను అపురూపంగా అద్దాల వెనక పెట్టుకున్నట్టు ఒక ఖండపు వంటను అక్కడ పెట్టారు. 1970ల మొదట్లో అది మూతపడింది. జిరార్డ్ సేకరించిన లక్షకు పైగా జానపద కళావస్తువులు 1978లో శాంటా ఫే నగరంలోని మ్యూజియంకు చేరాయి.

ఈలోగా చరిత్ర వేరే దారిలో మరికొందరు వంటవాళ్లను న్యూయార్క్‌కు పంపింది. 1959లో క్యూబా విప్లవం జరిగింది. ద్వీపం వదిలిన విక్టర్ దెల్ కొరాల్ 1963లో మన్‌హాటన్ పడమటి వైపు, 71వ వీధి మూలన విక్టర్స్ కెఫే తెరిచాడు. నల్ల చిక్కుడు గింజల పులుసు, పోగులు పోగులుగా విడిపోయేదాకా ఉడికించిన గొడ్డు మాంసం, వేయించిన అరటి పండు అక్కడి వంటకాలు. శుభ్రమైన బల్లగుడ్డ, మర్యాదగా వడ్డన, సొంత ఊరి రుచి మూడూ ఒకచోట దొరికిన క్యూబా భోజనశాల అది. తర్వాత 52వ వీధికి, నాటకశాలల పేటకు మారింది.

క్యూబా నుంచి చైనా మూలాలున్నవాళ్లు కూడా వచ్చారు. వాళ్ల తాతలు 1847, 1874 మధ్య చెరకు తోటల్లో పనికి ఒప్పంద కూలీలుగా వెళ్లిన లక్షా పాతిక వేల మందిలోని వాళ్లు. దాదాపు అదే కాలంలో మద్రాసు, పుదుచ్చేరి రేవుల నుంచి తెలుగు, తమిళ కూలీలు మారిషస్‌కూ, ఫ్రెంచి కరీబియన్ దీవులకూ అదే రకం ఒప్పందాల మీద, అదే చెరకు కోసం వెళ్లారు. విప్లవం తర్వాత న్యూయార్క్ చేరిన క్యూబా చైనీయులు ఒకే మెనూలో వేపుడు అన్నం, నల్ల గింజల పులుసు రెండూ పెట్టి హోటళ్లు నడిపారు. బ్రాడ్‌వే, 78వ వీధి మూలన 1968లో మొదలైన లా కరిదాద్ వాటిలో ఎక్కువ పేరున్నది. టాక్సీ డ్రైవర్లు, విద్యార్థులు, నాటక కళాకారులు అందరూ అక్కడ ఒకే బల్ల దగ్గర తిన్నారు. ఖరీదైన చోటు కాదు గానీ, రెండు దేశాల వంటలు కలిస్తే తప్పు లేదన్న పాఠం నగరానికి నేర్పింది ఇలాంటి చోట్లే.

1965లో అమెరికా వలస చట్టం మారాక మిగతా లాటిన్ దేశాల నుంచి కూడా రాక పెరిగింది. డొమినికన్ రిపబ్లిక్‌లో నియంత ట్రుహీయో 1961లో హత్యకు గురయ్యాక ఏర్పడిన కల్లోలం వల్ల అక్కడి జనం వాషింగ్టన్ హైట్స్ పేటకు వచ్చారు. కొలంబియా, ఈక్వడార్ వాళ్లు క్వీన్స్‌లోని జాక్సన్ హైట్స్‌లో స్థిరపడ్డారు. అక్కడ 74వ వీధిలో భారతీయుల చీరల దుకాణాలు, మిఠాయి అంగళ్లు ఉంటే, మలుపు తిరగగానే రూజ్‌వెల్ట్ అవెన్యూ మీద కొలంబియా రొట్టెల పొయ్యిలు ఉంటాయి. తెలుగువాళ్లతో సహా అక్కడికి సరుకులకు వెళ్లిన భారతీయులు ఎందరో కొత్తిమీర, పచ్చిమిర్చి, నిమ్మకాయల కోసం లాటిన్ దుకాణాల్లోకీ వెళ్లారు.

మెక్సికో వంట సంగతి వేరు. 1970ల దాకా న్యూయార్క్‌లో దానికి పేరుంది గానీ, అది టెక్సస్ సరిహద్దు నుంచి వచ్చిన జున్ను, మీగడ పోసిన రూపం. అసలు వంటను చదువుకున్నవాళ్ల దృష్టికి తెచ్చింది పుట్టుకతో ఆంగ్లేయురాలైన డయానా కెనడీ. ఆమె భర్త పాల్ కెనడీ న్యూయార్క్ టైమ్స్ విలేఖరిగా మెక్సికోలో పనిచేశాడు. భర్త చనిపోయాక ఆమె 1969లో మన్‌హాటన్‌లోని తన ఇంట్లోనే మెక్సికో వంట నేర్పడం మొదలుపెట్టింది. 1972లో ఆమె పుస్తకం ది క్విజీన్స్ ఆఫ్ మెక్సికో వచ్చింది. మెక్సికోలో ఒకటి కాదు, ప్రాంతానికొక వంట ఉందని ఆ పుస్తకం గట్టిగా చెప్పింది.

ఆ మాటను బల్ల మీద పెట్టి చూపించినవాళ్లు ఇద్దరు స్త్రీలు. స్పెయిన్‌లో పెరిగిన హొసెఫీనా హవర్డ్ 1984లో మొదటి అవెన్యూ మీద రోసా మెక్సికానో తెరిచింది. అక్కడ అవకాడో పచ్చడిని అతిథి కళ్ల ముందే చేసేవాళ్లు. లావా రాయితో చేసిన మూడు కాళ్ల రోలును బల్ల దగ్గరికి తెచ్చి, ముందు ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఉప్పు వేసి నూరేవాళ్లు. రసం ఊరాక అవకాడో ముక్కలు, టమాటా వేసి, పూర్తిగా మెదిపేయకుండా కలిపి, అదే రోలులో వడ్డించేవాళ్లు. ఇంటింటా ఆడవాళ్లు చేసే మామూలు పనిని నగర ప్రముఖులు డబ్బిచ్చి చూడడానికి వచ్చారు. ఆ వడ్డన పద్ధతిని తర్వాత అమెరికాలోని వందలాది హోటళ్లు అనుకరించాయి. ఇక మెక్సికో ఉత్తర సరిహద్దులోని పశువుల క్షేత్రంలో పెరిగిన సరేలా మార్తీనెస్ 1987లో రెండో అవెన్యూ మీద తన పేరుతోనే సరేలా మొదలుపెట్టింది. 2011 దాకా అది నడిచింది. మెక్సికో ఇంటి విందులో వడ్డించేలాంటి వంటకాలను ఆమె ధైర్యంగా మెనూలో పెట్టింది.

అదే దశాబ్దంలో పెరూ మూలాలున్న ఫెలీపె రోహాస్ లొంబార్దీ చెల్సీలోని ది బాల్‌రూమ్ అనే రెస్టారెంటులో చిన్న చిన్న పళ్లేలలో స్పానిష్ తినుబండారాలు పెట్టి నగరానికి ఆ అలవాటు నేర్పాడు. ప్రఖ్యాత వంటగురువు జేమ్స్ బియర్డ్ దగ్గర సహాయకుడిగా పనిచేసిన మనిషి. దక్షిణ అమెరికా వంట మీద ఆయన రాసిన పెద్ద పుస్తకం 1991లో వచ్చింది. ఆ ఏడాదే ఆయన చనిపోయాడు. క్యూబాలో పుట్టి, మధ్యయుగ చరిత్రలో డాక్టరేట్ చేసిన మారిసెల్ ప్రెసీయా వంట పని నేర్చింది ఆయన వంటింట్లోనే. ఆమె ప్రస్తావన మళ్లీ వస్తుంది.

1994 ఈ చరిత్రలో పెద్ద మలుపు. ఆ ఏడాది పార్క్ అవెన్యూ సౌత్, 20వ వీధి మూలన పాత్రియా తెరుచుకుంది. దాని వంటవాడు డగ్లస్ రోడ్రిగెస్‌కు అప్పటికి ముప్పై ఏళ్లు కూడా లేవు. క్యూబా తల్లిదండ్రులకు న్యూయార్క్‌లో పుట్టి, మయామీలో పెరిగి, అక్కడ యూకా అనే రెస్టారెంటులో పేరు తెచ్చుకున్నాడు. ఫ్రెంచి పద్ధతి వంటపాఠాలు చదివినవాడు. ఆ పనితనాన్ని తన అమ్మ వాడిన సరుకు మీద ప్రయోగించాడు. చేపకు అరటికాయ తురుము పట్టించి కరకరలాడేలా వేయించాడు. పచ్చి టూనా చేపను కొబ్బరిపాలు, అల్లం, మిరపతో కలిపి సెవీచె చేశాడు. ఈక్వడార్ పద్ధతిలో రొయ్యల సెవీచె పక్కన పేలాలు పెట్టాడు. భోజనం చివర వచ్చే చాక్లెట్ చుట్ట నగరమంతా మాట్లాడుకున్న వంటకం: బాదం కేకు, చాక్లెట్ మూస్ కలిపి హవానా చుట్ట ఆకారంలో చుట్టి, కోకో పొడిలో దొర్లించి, పక్కన పంచదారతో చేసిన అగ్గిపెట్టె పెట్టి ఇచ్చేవాళ్లు.

ఈ ధోరణికి న్యూవో లాటీనో అన్న పేరు స్థిరపడింది. 1995లో రోడ్రిగెస్ అదే పేరుతో పుస్తకం రాశాడు. 1996లో జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ ఆయనకు వర్ధమాన వంటవాడి పురస్కారం ఇచ్చింది. ఒకే మెనూలో ఐదారు దేశాల వంటలు కలపడం ఏ దేశానికీ న్యాయం చేయదన్న విమర్శ రావడం సహజమే. అయినా ఆ కలయిక గాలిలోంచి పుట్టలేదు. న్యూయార్క్‌లో ప్యూర్టో రికో కుటుంబం, కొలంబియా కుటుంబం ఒకే మేడలో పక్కపక్క వాటాల్లో ఉంటాయి, పిల్లలు ఒకే బడికి వెళ్తారు. పాత్రియా మెనూ ఆ మేడ లాంటిదే. లా ఫోండా నాటికి లేనిది ఇక్కడ ఉంది. పొయ్యి దగ్గరున్నవాడు తన సొంత వంటనే, తన పేరుతో, తన ధర చెప్పి అమ్మాడు.

అదే 1994 జనవరి ఒకటిన అమెరికా, కెనడా, మెక్సికోల మధ్య స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమలులోకి వచ్చింది. అమెరికా ప్రభుత్వ సాయంతో చవకగా పండిన మొక్కజొన్న మెక్సికోలోకి వరదలా వచ్చింది. చిన్న రైతుకు గిట్టుబాటు పోయింది. వ్యవసాయం వదిలి ఉత్తరానికి బయలుదేరినవాళ్లలో చాలామంది ప్వెబ్లా రాష్ట్రం నుంచి న్యూయార్క్‌కే వచ్చారు. 1990లో నగరంలో అరవై వేల పైచిలుకు ఉన్న మెక్సికన్లు 2000 నాటికి లక్షా ఎనభై వేలు దాటారు. వాళ్లకు పని దొరికింది ఎక్కువగా వంటిళ్లలోనే. గిన్నెలు కడగడంతో మొదలై, కూరగాయలు తరగడం, ఆపై పొయ్యి దగ్గరికి. ఫ్రెంచి, ఇటాలియన్ రెస్టారెంట్లలో బయట బోర్డు ఏ దేశానిదైనా లోపల వండే చేతులు ప్వెబ్లావో, ఈక్వడార్‌వో అయ్యాయి. 2000లో వచ్చిన తన పుస్తకం కిచెన్ కాన్ఫిడెన్షియల్‌లో వంటవాడు ఆంటొనీ బోర్డేన్ ఈ సంగతిని బాహాటంగా రాశాడు.

ఆ చేతుల పేర్లు లోకానికి తెలిసింది ఒక ఘోరం వల్ల. జో బామ్ 1976లో ప్రపంచ వాణిజ్య కేంద్రం ఉత్తర గోపురం పైన ప్రారంభించిన విండోస్ ఆన్ ది వరల్డ్ రెస్టారెంటులో 2001 సెప్టెంబరు 11 ఉదయం జరిగిన ఉగ్రవాద దాడిలో, పనిలో ఉన్న సిబ్బందిలో డెబ్బై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది వలసవాళ్లు, అందులోనూ లాటిన్ అమెరికా దేశాల వాళ్లు ఎక్కువ. నగరం కింద పారే శ్రమ ఎవరిదో ఆ జాబితా చదివినవాళ్లకు అర్థమైంది.

ఒక వంటకు ఎంత ధర పలుకుతుందన్నది ఆ వంట తెచ్చిన జనం హోదాను బట్టి ఉంటుందని న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ఆహార అధ్యయనాలు బోధించే కృష్ణేందు రే వాదించాడు. భారతదేశం నుంచి వెళ్లిన ఈ పండితుడి పుస్తకం ది ఎత్నిక్ రెస్టారెటర్ 2016లో వచ్చింది. ఇటాలియన్లు బీద వలసవాళ్లుగా ఉన్నంతకాలం వాళ్ల వంట చవక. వాళ్ల మనుమలు ఉద్యోగాల్లో, వ్యాపారాల్లో పైకి వచ్చాక ఆ వంట కూడా పైకి వచ్చింది. జపాన్ ఆర్థికంగా బలపడ్డాక సూషీ ఖరీదైంది. మెక్సికో, చైనా, భారతదేశాల వంటలు మాత్రం, బీద వలసలు ఆగకుండా సాగడం వల్ల, చవకగానే ఉండాలని గిరాకీదారు ఆశించాడు. మొక్కజొన్న రొట్టెలో కూర పెట్టిన టాకోకు ఇరవై డాలర్లా అని ముఖం చిట్లించిన మనిషే అదే కొలత పాస్తాకు మారుమాట్లాడకుండా ఇచ్చాడు. ఈ వాదన లాటిన్ రెస్టారెంట్ల చరిత్రకు బాగా సరిపోతుంది. అమెరికాలో చిన్న ఊళ్ల నుంచి పెద్ద నగరాల దాకా భారతీయ హోటళ్లు పెట్టిన తెలుగువాళ్లకు కూడా దాని అనుభవం ఉంది.

ఆ ధరల గీత దాటడానికి చిన్న రెస్టారెంటే మంచి వాహనమని 2000 తర్వాత రుజువైంది. మారిసెల్ ప్రెసీయా మన్‌హాటన్ అద్దెలకు జడిసే అవసరం లేకుండా హడ్సన్ నది అవతల, న్యూజెర్సీలోని హోబోకెన్‌లో 2000లో సాఫ్రా అనే చిన్న భోజనశాల, 2004లో కుచారమామా తెరిచింది. చరిత్రకారిణి కావడం వల్ల ఆమె వంటకాన్ని పాత కాలపు రాతప్రతుల దాకా వెతికింది. 2012లో ఆమెకు ఆ ప్రాంతపు ఉత్తమ వంటమనిషిగా జేమ్స్ బియర్డ్ పురస్కారం వచ్చింది. ఏళ్ల తరబడి దేశాలు తిరిగి రాసిన గ్రాన్ కొసీనా లాటీనా అదే ఏడాది వెలువడింది, మరుసటి ఏడాది ఆ ఫౌండేషన్ నుంచి సంవత్సరపు వంటపుస్తకంగా గుర్తింపు పొందింది. లాటిన్ వంట గురించి ఆమెలాగా అటు పండిత దృష్టితో ఇటు పొయ్యి ముందు నిలబడి మాట్లాడగలిగినవాళ్లు అరుదు.

పెద్ద గది ప్రమాదం 2011లో తెలిసింది. పెరూ వంటను ప్రపంచానికి చాటిన గాస్తోన్ అకూరియో లా మార్ రెస్టారెంటును మాడిసన్ అవెన్యూలో తెరిచాడు. ఆ చోటు భారతీయులకు తెలిసినదే. బొంబాయిలో పుట్టిన ఫ్లాయిడ్ కార్డోజ్ భారతీయ మసాలాలతో కొత్త వంట చేసిన టబ్లా రెస్టారెంటు పన్నెండేళ్లు నడిచి 2010 చివర మూతపడింది అక్కడే. లా మార్ కూడా 2013లో మూసేశారు. అంత పెద్ద గదిని రోజూ నింపడం టబ్లాకూ చివరికి కష్టమైంది, దాని తర్వాత వచ్చినవాళ్లకూ కష్టమైంది. బల్లలు తక్కువైతే అద్దె, జీతాలు తగ్గుతాయి. వంటవాడు ప్రతి పళ్లెం తన కళ్లతో చూడగలడు. మెనూ పొట్టిగా ఉంటే సరుకు వృథా కాదు. లాభంలో పెద్ద వాటా మద్యం నుంచే వస్తుంది కాబట్టి మెస్కాల్, పిస్కో లాంటి ఆ దేశాల సారాయిలతో చేసిన పానీయాలకు ఇలాంటి చోట్ల అంత ప్రాముఖ్యం.

2014లో రెండు సంగతులు జరిగాయి. క్వీన్స్‌లోని లాంగ్ ఐలాండ్ సిటీలో నడుస్తున్న చిన్న రెస్టారెంటు కాసా ఎన్రీకేకు ఫ్రెంచి భోజన గైడు మిషెలిన్ ఇచ్చే నక్షత్రం దక్కింది. న్యూయార్క్‌లో ఒక మెక్సికన్ భోజనశాలకు అది మొదటిసారి. మెక్సికోలోని చియాపాస్ నుంచి వచ్చిన దాని వంటవాడు కోస్మే ఆగిలార్ అంతకు ముందు ఫ్రెంచి వంటిళ్లలో పనిచేసినవాడు. ఆ ఏడాది అక్టోబరులో మెక్సికో నగరంలోని పుహోల్ రెస్టారెంటు అధిపతి ఎన్రీకే ఓల్వేరా 21వ వీధిలో కోస్మే అనే రెస్టారెంటు తెరిచాడు. యువ వంటగత్తె దాన్యేలా సోతో ఇన్నెస్ వంటింటిని నడిపింది. బాతు మాంసాన్ని మెత్తగా ఉడికించి, తోలు కరకరలాడించి, వేడి రొట్టెలతో ఇచ్చే పళ్లెం అప్పట్లో 59 డాలర్లు. నగరం ముక్కున వేలేసుకుంది, అయినా బల్లలు దొరకలేదు. 2015లో న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు పీట్ వెల్స్ దానికి మూడు నక్షత్రాలు ఇచ్చాడు. 2019లో సోతో ఇన్నెస్‌కు ప్రపంచ ఉత్తమ మహిళా వంటనిపుణి బిరుదు వచ్చింది.

కోస్మే ఖరీదుకు ఒక కారణం దాని రొట్టెలో ఉంది. మామూలు మెక్సికన్ హోటల్‌లో ఫ్యాక్టరీ పొడి పిండిలో నీళ్లు కలిపి రొట్టె ఒత్తుతారు. ఇక్కడ ఎండు గింజల నుంచి మొదలుపెడతారు. గింజల బరువులో సుమారు నూటికి ఒక వంతు తడి సున్నం నీళ్లలో కలిపి, అందులో మొక్కజొన్న ఉడికిస్తారు. పై పొట్టు వేలితో నలిపితే జారేటప్పుడు దించి, రాత్రంతా ఆ నీళ్లలోనే నానబెడతారు. తెల్లారి కడిగి, అగ్నిశిల తిరగలిలో తడిగా రుబ్బుతారు. ఆ ముద్ద కొన్ని గంటల్లో వాడేయాలి, ఆలస్యమైతే పులుస్తుంది. పలచగా ఒత్తి వేడి పెనం మీద వేసి రెండుసార్లు తిప్పితే పూరీలా పొంగుతుంది. పొంగకపోతే చాలాసార్లు పిండిలో నీటి పాళ్లు కుదరలేదని అర్థం.

సున్నం పని రుచితో ఆగదు. మొక్కజొన్నలోని నయాసిన్ అనే విటమిన్ ఒంటికి పట్టేలా చేస్తుంది. ఈ పద్ధతి వదిలేసి గింజను మాత్రమే తీసుకెళ్లిన దక్షిణ ఐరోపాలో, అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్నే ఆధారమైన బీదలు పెలాగ్రా వ్యాధితో బాధపడ్డారు. దక్కన్‌లో జొన్నకూడు తినేవాళ్లలో కూడా అదే వ్యాధి కనిపించింది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలలో డాక్టర్ సి. గోపాలన్ బృందం 1960 ప్రాంతంలో దాని మీద పేరుపొందిన పరిశోధన చేసింది.

మెక్సికోలో మొక్కజొన్నలో యాభైకి పైగా దేశీ జాతులున్నాయి: నీలం, ఎరుపు, తెలుపు, పసుపు. ఒహాకా తదితర రాష్ట్రాల చిన్న రైతుల దగ్గర మిగులు గింజ కొని అమెరికా వంటిళ్లకు అమ్మే మసియెండా కంపెనీ 2014లోనే మొదలైంది. కోస్మే దాని తొలి ఖాతాదార్లలో ఒకటి. ఇరవై ఏళ్ల కిందట గిట్టుబాటు లేక పొలం వదిలిన ఇళ్ల పిల్లలు న్యూయార్క్‌లో వంట చేస్తున్న కాలంలోనే, ఆ పొలాల దేశీ గింజ మంచి ధరకు వాళ్ల చేతికి వచ్చింది. మెక్సికో సంప్రదాయ వంటను యునెస్కో 2010లో మానవజాతి వారసత్వంగా గుర్తించడం కూడా ఈ మార్పుకు తోడైంది.

ఆ తర్వాత దారి సుగమమైంది. 2015లో బ్రూక్లిన్‌లో పెరూ వంటకు లామా ఇన్ వచ్చింది. దాని వంటవాడు ఎరిక్ రామీరెస్ 2019లో మన్‌హాటన్‌లో లామా సాన్ తెరిచి, పెరూకు 1899 నుంచి వలస వెళ్లిన జపాన్ వాళ్ల వంటను పరిచయం చేశాడు. వాళ్ల ప్రభావం సెవీచెలో బాగా తెలుస్తుంది. ఒకప్పుడు పచ్చి చేపను గంటల కొద్దీ నిమ్మరసంలో ఊరబెట్టేవాళ్లు. చేప తాజాగా ఉంటే కొద్ది నిమిషాలు చాలని చూపించిన ఘనతలో పెద్ద వాటా పెరూలోని జపాన్ వంటవాళ్లది. 2017లో బ్రూక్లిన్‌లో ఒహాకా వంటతో క్లారో, 2018లో కట్టెల పొయ్యితో ఓహోమోకో మొదలై మిషెలిన్ నక్షత్రాలు తెచ్చుకున్నాయి.

2020 మార్చిలో మహమ్మారి వల్ల నగరంలో భోజనశాలల్లో కూర్చుని తినడం ఆపేశారు. టబ్లా నడిపిన ఫ్లాయిడ్ కార్డోజ్ ఆ నెలలోనే కోవిడ్‌తో చనిపోయాడు. యాభై ఏళ్లు దాటిన లా కరిదాద్ ఆ వేసవిలో తలుపు మూసి మళ్లీ తెరవలేదు. తట్టుకున్నవాళ్లు వీధిలో కొయ్య షెడ్లు వేసి వడ్డించారు. తెరుచుకున్నాక వచ్చిన కొత్త చోట్లు ఇంకా చిన్నవి, ఇంకా ప్రాంతీయమైనవి. 2024 మొదట్లో చైనాటౌన్ అంచున మొదలైన కోరిమా మెక్సికో ఉత్తరాన ఉన్న చివావా ప్రాంతపు గోధుమ రొట్టెను తన గుర్తుగా పెట్టుకుంది, ఆ ఏడాది చివరికే నక్షత్రం సంపాదించింది.

ఎదుగుదల అందరికీ సమంగా దక్కలేదు. మెక్సికో, పెరూ వంటలకు సొంత దేశాల్లోనే పెద్ద రెస్టారెంట్లు, పర్యాటక ప్రచారం, ప్రభుత్వాల అండ ఉన్నాయి. నగరంలోని లాటిన్ జనంలో ముందు వరుసలో ఉన్న డొమినికన్ల వంట, దాని వెనక ఈక్వడార్, హోండురాస్ వంటలు ఇప్పటికీ ఎక్కువగా కౌంటర్ల మీదే దొరుకుతున్నాయి. ప్యూర్టో రికో కందుల అన్నం కూడా అంతే. ఈస్ట్ హార్లెమ్ 116వ వీధిలో దాని కోసం మధ్యాహ్నం వరుసలో నిలబడేవాళ్లకు అది ఇవాళ్టికీ రోజువారీ భోజనమే.